వాడ పిల్లల దగ్గు ఎవరి లెక్క? (వాడ గాలి – 7)



2025 జనవరి 6న బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ ఉందని కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించింది. ఒక పాపకు మూడు నెలలు, ఒక బాబుకు ఎనిమిది నెలలు. సాయంత్రానికల్లా టీవీల నిండా చైనా, మాస్కులు, లాక్‌డౌన్ మాటలు. ఆ వైరస్‌ను నెదర్లాండ్స్‌లో గుర్తించింది 2001లో. అప్పటి నుంచీ అన్ని దేశాల పిల్లల్లో తిరుగుతూనే ఉంది.

2023 నవంబర్లో కూడా ఇదే తంతు. ఉత్తర చైనాలో పిల్లల ఆసుపత్రులు నిండిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబర్ 22న వివరాలు అడిగింది. తేలిందేమిటి? మైకోప్లాస్మా, ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ, అడినో. అన్నీ పాత చుట్టాలే. మన కేంద్రం కూడా పడకలు, ఆక్సిజన్, మందులు సరిచూసుకోమని రాష్ట్రాలకు లేఖలు రాసింది. మంచిదే. భయపడొద్దని నేను అనడం లేదు. ఎవరి పిల్లల కోసం భయపడుతున్నామని అడుగుతున్నా.

వినుకొండ చుట్టూ ఇప్పుడు మిరపకాయ కోతలు. మన వాడల ఆడోళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు. పాలు తాగే బిడ్డను ఎక్కడ వదులుతారు? చేలో చెట్టుకు చీర ఉయ్యాల. కల్లంలో కాయలు ఎండుతుంటే ఆ ఘాటుకు పెద్దోళ్లకే దగ్గు ఆగదు. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికొచ్చిన కుటుంబాలైతే చేల పక్కన పట్టాలు కప్పుకొని పిల్లలతో అక్కడే పడుకుంటాయి. మిరప దుమ్ము న్యుమోనియా క్రిమిని పుట్టించదు, తెలుసు. కానీ పొయ్యి పొగ, ఇరుకు గది, తిండి చాలని ఒళ్లు, వీటి మీదికి క్రిమి వస్తే బిడ్డ తట్టుకోలేడు. ఇది డాక్టర్లందరూ ఒప్పుకునే మాటే.

టీవీలో సలహాలు చూశారా? గుంపుల్లోకి వెళ్లొద్దు, దగ్గేవాళ్లను విడి గదిలో ఉంచండి. విడి గది! ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో ఎవరిని ఎక్కడ విడిగా ఉంచాలి? ఇక దూరం పాటించమని మాకు చెప్పక్కర్లేదు. ఊరు తరతరాలుగా మమ్మల్ని దూరంగానే పెట్టింది. కరోనా రోజుల్లో గబ్బిలాన్ని తిట్టని నోరు లేదు. జాషువా పుట్టిన ఊళ్లో ఆ తిట్లు వింటుంటే నాకు నవ్వొచ్చేది. గుళ్లోకి అడ్డులేకుండా పోగలదనే కదా ఆయన 1941లో దాని చేతే కబురు పంపించింది.

'రోగానికి కులమేంటన్నా' అంటారు. క్రిమికి లేదు తమ్ముడూ. నీళ్లకు ఉంది, గదికి ఉంది, పొయ్యికి ఉంది. కారంచేడులో 1985 జూలైలో మారణకాండకు ముందు జరిగిందేమిటి? మాదిగపల్లె తాగే చెరువు నీళ్లను పాడు చేస్తుంటే సువార్త అడ్డం తిరిగి బిందె ఎత్తింది. అంతే. మురికి నీళ్లు తాగి మన పిల్లలకొచ్చే రోగాన్ని ఎవరూ రోగంగా లెక్కపెట్టని కాలం అది. గాలి విషయంలో మనం ఇంకా అక్కడే ఉన్నాం.

2019లో న్యుమోనియాతో ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది పోయారు. ఆ వయసు మరణాల్లో నూటికి 14. కొత్త వైరస్ కాదు కాబట్టి బ్రేకింగ్ న్యూస్ కాలేదు. పైగా దీనికి టీకా ఉంది, చవక మందు ఉంది. న్యుమోకోకల్ టీకా 2021 నుంచి మన రాష్ట్రంలో ఉచితం: ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. కాగితం మీద అందరికీ. ఆ తొమ్మిదో నెల కోతల్లో పడితే ఆ తల్లి ఏ చేలో ఉంటుంది, కార్డు ఏ ఊళ్లో ఉంటుంది?

విద్యార్థి మిత్రులకు రెండు పనులు. ఒకటి, వాడకు వెళ్లినప్పుడు ఫోన్లో నిమిషం పెట్టుకుని దగ్గే బిడ్డ ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు నిండని బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్లలోపు బిడ్డకు 40, అంతకు చేరినా దాటినా, లేదా డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వాతలు, పసర్లు అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పంపండి. కూడా మీరూ వెళ్లండి. కూలి పోతుందని ఆగే తల్లిని తిట్టకండి. ఆమెకు ఆ రోజు కూలే తిండి.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. పిల్లల మరణాలను ఒక్కొక్కటిగా సమీక్షించాలని 2014లోనే మార్గదర్శకాలు వచ్చాయి. నరసరావుపేటలో జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయానికి రాయండి. 2024లో పల్నాడు జిల్లాలో మండలాలవారీగా ఐదేళ్లలోపు మరణాలు ఎన్ని? న్యుమోనియా వల్ల ఎన్ని? అందులో ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎందరు? ఎన్నింటిని సమీక్షించారు? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కులం వివరం మా దగ్గర లేదని రాసిస్తే, ఆ కాగితం పారేయకండి, దాచండి. వచ్చే భాగం దాని మీదే.