పగిడేరు వేడినీళ్ళు ఎవరి కోసం?



మొన్న పరీక్షల ముందు హాస్టల్లో కరెంటు పోయింది. చీకట్లో కూర్చుంటే మాటల్లో మాట పగిడేరు దాకా పోయింది. మన బూర్గంపాడు నుంచి సారపాక, అశ్వాపురం దాటితే మణుగూరు, ఆ మండలంలోదే ఈ ఊరు. బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి అక్కడ వేడినీళ్ళు తన్నుకొచ్చాయి. ఆ వేడితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది. నీళ్ళు 65 డిగ్రీల చుట్టూ ఉంటాయి, మరగవు కదా, ఆవిరెట్లా అని మాకూ అనుమానమొచ్చింది. మరిగేది నీళ్ళు కాదంట, తక్కువ వేడికే ఆవిరయ్యే వేరే ద్రవం. ఆ ఆవిరి టర్బైన్ తిప్పి, చల్లబడి, మళ్ళీ ద్రవమై వెనక్కొస్తుంది. ఎండతో, గాలితో పనిలేదు. రాత్రీ పగలూ నడవగలదు.

అట్లని గొప్పలు వద్దు. ఆ పక్కనే ఉన్న భద్రాద్రి థర్మల్ 1,080 మెగావాట్లు. దానికి సాటి రావాలంటే ఇలాంటివి 54,000 కావాలి. బొగ్గు రేపే ఆగుద్దంటే మేము నమ్మం.

అసలు 65 డిగ్రీల వేడిని కరెంటు చేస్తే చాలా భాగం వృథానే. వేడిని వేడిగానే ఎందుకు వాడకూడదు? ఇప్పపువ్వు ఎండబెట్టేటప్పుడు, కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు మనోళ్ళు మబ్బు చూసి వణుకుతారు. ఒక్క వానకే ఏడాది కష్టం బూజు పట్టుద్ది. ఐస్‌లాండ్‌లో భూమి వేడితో ఇళ్ళు వెచ్చబెట్టుకుంటారు, చేపలు కూడా ఎండబెడతారు. మనకు ఒక్క డ్రయ్యర్ షెడ్డు కట్టలేరా?

2025 సెప్టెంబరులో కేంద్రం ఈ భూతాప శక్తికి జాతీయ విధానం తెచ్చింది. అంటే బోర్లు పెరగొచ్చు. మన పెద్దోళ్ళు ప్రాజెక్టులు చాలానే చూశారు, ఎక్కువమందికి దక్కింది గేటు బయట కూలిపనే. అందుకే మేము ముందే అడుగుతున్నాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. సంప్రదించడమంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పడం కాదు. వాడిన నీళ్ళు మళ్ళీ భూమిలోకి పంపుతారా, వాగులో వదులుతారా? అందులో ఉప్పులుంటే పొలం సంగతేంటి? మిషన్ నడిపే పని మన ఐటీఐ పిల్లలకు నేర్పుతారా? ఇవి సభలో అడిగి, తీర్మానంలో రాయించాలి.

పగిడేరు వైపోళ్ళు గ్రూపులో ఎవరైనా ఉంటే, ఇప్పుడు ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి కింద రాయండి. సెలవుల్లో మేమూ వస్తాం.