‘బ్రేకు’ అను మాట

తిరుపతిలో కాపురముండు గృహస్థునకు బంధువుల పలకరింపులకు కొదువలేదు. క్షేమసమాచారము ముగిసినదో లేదో రెండవ మాట వచ్చును: “బావా, మాకొక బ్రేకు ఇప్పించగూడదా?” చిత్తూరు వారికిని ఈ బాధ తప్పదు. అడుగువారికి సంకోచము లేదు, ఇప్పించువారికి గర్వము. ఈ మాట యేమి చెప్పుచున్నదో ఇరువురును ఆలోచించుట లేదు. ఆ యాలోచనకే నేడు మేము చదువరులను పిలుచుచున్నాము.

ఆంగ్లమున ‘బ్రేక్’ అనగా విఱుగుట, విఱుచుట. పని నడుమ విరామమునకు ఆ పేరే వచ్చినది. 20వ శతాబ్దారంభమున అమెరికా వారి వాడుకలో అది కలిసివచ్చిన యదృష్టమునకును పేరయ్యెను. మన సినిమావారు “ఆ చిత్రముతో బ్రేకు వచ్చినది” అనుట దీనినుండియే. బండిని నిలుపు సాధనమునకు ఆంగ్లమున వర్ణక్రమము వేఱు. తెలుగున రెండును ఒక్కటే. విఱుపు, విరామము, అదృష్టము, నిలుపుదల: ఇన్ని యర్థములు మోసికొని ఆ మాట యేడుకొండలెక్కినది.

కొండమీద దాని తొలి యర్థము నిజాయితీ గలదే. సామాన్యుల వరుసను కొంతసేపు నిలిపి, ప్రముఖులను ముందుగా పంపుదురు. వరుసకు కలుగు ఆ విఱుపే బ్రేకు. కాని వాడుకలో నర్థము తలక్రిందులైనది. విఱుగుచున్నది వరుస యను సంగతి మఱుగుపడి, దాటిపోవువాని గౌరవమునకు అది బిరుదైనది. “మాకు బ్రేకు దొరికినది” అని ఇంటింట చెప్పుకొందురు. “మాకొఱకు వేయిమందిని నిలిపివేసిరి” అని తెలుగున చెప్పుకొనుటకు ఎవరికైన నోరు వచ్చునా? పరభాషాపదము సిగ్గును కప్పు తెరయైనది.

దీని ప్రక్కనే మఱియొక మాట చూడుడు. రుసుము లేని దర్శనమును మనవారు ధర్మదర్శనమనిరి. ఎంత చక్కని పేరు! నేడు “ధర్మదర్శనములో నిలువవలసి వచ్చినది” అని నిట్టూర్చుచున్నారు. విఱుపు గౌరవమైన నాడు ధర్మము దౌర్భాగ్యమగుటలో వింత యేమున్నది?

దినమునకు అరువది డెబ్బదివేల మంది వచ్చు చోట ఏర్పాట్లు వలదా యని కొందఱందురు. వలయును. వృద్ధులకు, వికలాంగులకు, చంటిబిడ్డల తల్లిదండ్రులకు వేఱు దారి యున్నది, అది న్యాయము. ఆ దారిని ఎవరును బ్రేకనరు, దానిని చెప్పి గొప్పలు పోరు. అవసరమునకు ఇచ్చినది దయ; హోదాకు ఇచ్చినది విఱుపు. 2019లో ఎల్1, ఎల్2, ఎల్3 అను తరగతులను దేవస్థానము వారు రద్దు చేసిరి. తరగతులు పోయినవి గాని బ్రేకు పోలేదు. ఆ యేడే పదివేల రూపాయల విరాళమునకు బ్రేకు టిక్కెట్టు ముడివడినది. ఆ ధనముతో గుడులు కట్టుదురని సమాధానము. గుడులు కట్టుట పుణ్యమే. కాని ఆ పుణ్యమునకు ఫలముగా వరుసలో ముందుచోటు కోరుట యేల? ఇచ్చి మఱచినదే దానము. పుచ్చుకొనుటకై ఇచ్చినది బేరము.

2025 జనవరి 8వ తేదీన, ఇదే తిరుపతిలో, వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొఱకు కాచుకొన్న జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. దానికి బ్రేకు కారణమని మేమనము. కాని సిఫారసు లేఖ గలవాడు అట్టి గుంపులో నిలువనక్కఱ లేదనుట మాత్రము అందఱెఱిగినదే. వరుస యొక్క కష్టము వరుసలో నిలువని వారికి తెలియదు. వారికి తెలియనంత కాలము అది తీఱదు.

అధికారులను దూఱి ఊరకుండుట మా యుద్దేశము కాదు. తప్పు మన యిండ్లలోనున్నది. పెండ్లి మాటలలో “అబ్బాయికి కొండమీద పలుకుబడి కలదు, ఎన్ని బ్రేకులైన ఇప్పించును” అనుట గుణవర్ణనమైనది. లేఖల పేరిట దళారులు సొమ్ము గుంజుచున్నారని కేసులు నడచుచున్నను, లేఖ నడుగుట మనము మానలేదు. కొనువాడు లేనిదే అమ్మువాడుండునా?

కావున గృహిణులారా, గృహస్థులారా, మాటనుండి మొదలు పెట్టుదము. ఇక మీద ఎవరైన బ్రేకు అడిగినచో కోపింపకుడు. “ఎవరిని నిలిపి మిమ్ము పంపుమందురు?” అని మెల్లగా తెలుగున నడుగుడు. మీ పిల్లలను ఒక్కసారియైన ధర్మదర్శనపు వరుసలో, పాలబిడ్డ నెత్తుకొన్న తల్లి ప్రక్కను, పొలము పని మాని వచ్చిన కాపు వెనుకను నిలువబెట్టుడు. కాళ్ళు నొచ్చును, నిజమే. కాని స్వామి సన్నిధికి వచ్చునప్పటికి, తమవలెనే నిలిచినవారు ఎందఱో వారికి తెలిసియుండును. ఆ తెలివి యే లేఖ తెచ్చియిచ్చును?