మెమరీ చిప్పులు: నిలిచినవాడే నేర్పరా?

“పోటీలో గట్టివాడే నిలుస్తాడు” అనే మాట మనం తరచు వింటూ ఉంటాం. ఇది అన్నివేళలా నిజమేనా? కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో ఉండే మెమరీ చిప్ కథ విని మీరే చెప్పండి.

డీ-ర్యామ్ అనే ఈ చిప్‌లో కోట్లాది అరలుంటాయి. ఒక్కొక్క అరలో ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు. కెపాసిటరులో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. అయితే ఓటికుండలో నీరులాగా ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది. కనుక సాధారణంగా సెకనుకు సుమారు 15 సార్లు దానిని తిరిగి నింపాలి. నింపడం ఆగిందా, జ్ఞాపకమంతా పోతుంది.

ఈ చిప్పులు చేసే కర్మాగారాల స్థితీ ఇంతే. ఒక్కటి కట్టడానికే వేలకోట్ల రూపాయలు, కొన్నేళ్ళ కాలం కావాలి. ఎవరి చిప్ అయినా దాదాపు ఒకేలా పనిచేస్తుంది గనుక పోటీ అంతా ధరపైనే. గిరాకీ ఉన్నప్పుడు అందరూ కర్మాగారాలు కడతారు. అవి పూర్తయ్యేసరికి సరుకు ఎక్కువై ధర పడిపోతుంది. యంత్రాలు ఆపినా అప్పుల వడ్డీ ఆగదు గదా! సరిగ్గా అప్పుడే ఆర్థిక సంక్షోభం వచ్చి, బ్యాంకులు అప్పివ్వడం మానేస్తే?

1997లో దక్షిణ కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించవలసి వచ్చింది. ప్రభుత్వ ఒత్తిడిపై 1999లో ఎల్‌జీ వారి చిప్పుల సంస్థ హ్యుందయ్‌లో కలిసింది. 2008 సంక్షోభం తర్వాత జర్మనీకి చెందిన కిమోండా 2009లో దివాలా తీసింది. జపాను సంస్థ ఎల్పిడా 2012లో కూలి, 2013లో అమెరికాకు చెందిన మైక్రాన్ చేతికి పోయింది. ఆ పేరుకు గ్రీకు భాషలో ‘ఆశ’ అని అర్థం! నేడు ప్రపంచ డీ-ర్యామ్‌లో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తయారుచేసేదే.

మరి పోయినవారికి విద్య రాదా? ఎల్పిడా ఫోన్ల చిప్పులలో పేరున్న సంస్థ. హైనిక్స్ సంగతి చూడండి. హ్యుందయ్ వారి సంస్థే 2001లో ఆ పేరు పెట్టుకొంది. అదీ అప్పుల్లో మునిగింది. అప్పులిచ్చిన బ్యాంకులే ఊపిరి పోయగా బతికింది. 2013లో తొలి హెచ్‌బీఎం చిప్‌ను తయారుచేసింది ఆ సంస్థే. కృత్రిమ మేధ యంత్రాలకు నేడు అటువంటి చిప్పులే ఆధారం. నాడు అది మునిగి ఉంటే, “చేతకాక పోయింది” అనే అనేవాళ్ళం.

పోటీదారులు తగ్గితే కొనేవారికీ ముప్పే. 1999, 2002 మధ్య ఇతర సంస్థలతో కుమ్మక్కై ధరలు నిర్ణయించినందుకు శాంసంగ్ 2005లో అమెరికాలో 30 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకొంది.

నష్టపోయే ప్రతి సంస్థనూ ప్రజల సొమ్ముతో మోయాలని నేననను. మోస్తే సరుకు మరీ పేరుకుపోతుంది. కానీ సంక్షోభం పరీక్షించేది ముందుగా పెట్టెలోని డబ్బును, వెనుక నిలిచే అండను, నేర్పును కాదు. ఏళ్ళతరబడి కూడిన నేర్పు ఒక్క కరువుకు చెదిరిపోతే తిరిగి కూర్చడం కష్టం. ఆ నేర్పును కాపాడుకొనే ఉపాయం ప్రభుత్వాలు, బ్యాంకులు ముందుగానే ఆలోచించాలి.

విద్యార్థులారా! ఇకపై ఎవరైనా “గట్టివాడే నిలిచాడు” అంటే, “దేనిలో గట్టివాడు?” అని అడగండి.