ఆకాశపు కబురుకూ నిర్ధారణ కావాలి

వేరుశనగ విత్తే అదను దాటిపోతున్న రోజుల్లో మా అనంతపురం ప్రాంతంలో ఒక మాట బయలుదేరుతుంది. మబ్బు పట్టి, ఊరించి, చినుకు రాల్చకుండా వెళ్ళిపోయిన ప్రతి సాయంత్రం ఆ మాట ఇంకొంచెం బలపడుతుంది. పైన తిరిగే విమానాలే మబ్బులను చెదరగొడుతున్నాయన్నది దాని సారాంశం. కొందరు విమానాలను అంటారు, కొందరు గుట్టల మీది గాలిమరలను అంటారు. మరికొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, ఎవరో డబ్బిచ్చి ఈ పని చేయిస్తున్నారని కూడా చెబుతారు. ఉదయం బుక్కరాయసముద్రం టీ కొట్టు దగ్గర వినిపించిన మాట సాయంత్రానికి ఫోన్లలోకి, మరునాటికి మన వంటిళ్ళలోకి చేరుతుంది. “మీరు చూశారా?” అని అడిగితే మాత్రం “అందరూ అంటున్నారు” అన్నదే జవాబు.

ఎండిన చేను ముందు నిలబడిన రైతు బాధ నిజమైనది. ఆ బాధను పరిహసించడం విశ్వాసికి తగదు. అయితే బాధ నిజమైనంత మాత్రాన దానికి చెప్పుకునే కారణం కూడా నిజమైపోదు. నమ్మదగని వ్యక్తి కబురు తెచ్చినప్పుడు దాన్ని విచారించి నిర్ధారించుకోవాలని, లేకపోతే తెలియక ఒక సమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తున్నది. తెచ్చినవాడెవరో కూడా తెలియని కబురు విషయంలో మన బాధ్యత ఇంకెంత ఎక్కువో ఆలోచించాలి.

ఈ నెల ఆ విచారణకు పనికివచ్చే ఒక చిన్న సాధనాన్ని పాఠకులకు పరిచయం చేయదలిచాను. అది ఇంటి మిద్దె మీద పెట్టుకోగల విమాన సంకేతాల రిసీవర్. ప్రపంచమంతటా ఎందరో దీన్ని సరదాగా తయారు చేసుకుంటున్నారు. అయితే చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఇది సరదాను మించిన పాఠం కాగలదు.

నేటి ప్రయాణికుల విమానాలలో అత్యధికం తామెవరో, ఎక్కడున్నాయో, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఏ దిక్కుకు పోతున్నాయో తమంతట తామే ప్రకటించుకుంటూ ఎగురుతాయి. ఈ ఏర్పాటును ఏడీఎస్-బీ అంటారు. విమానం ఉపగ్రహాల సాయంతో తన స్థానాన్ని తెలుసుకుని, 1090 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై సెకనుకు దాదాపు రెండుసార్లు దాన్ని ప్రసారం చేస్తుంది. ఈ ప్రసారానికి తాళం లేదు. అజాన్ వలె వినగలిగిన వారందరికీ వినిపిస్తుంది. అందులో ప్రయాణికుల పేర్లు గానీ, వారి సంభాషణలు గానీ ఉండవు.

దీన్ని అందుకోవడానికి ఒకప్పుడు ఖరీదైన యంత్రాలు కావలసి వచ్చేవి. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి తయారైన ఒక చవక పరికరం, వేలెడంత ఉండే యూఎస్‌బీ ముక్క, ఇతర రేడియో సంకేతాలను కూడా అందుకోగలదని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు బయటపెట్టారు. దానితో పరిస్థితి మారిపోయింది. దీన్నే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటున్నారు. సంకేతాలను విడమరిచి తెరపై చూపే ‘డంప్1090’ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇటలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. తన జ్ఞానాన్ని దాచుకోక పంచిన మనిషి ఏ దేశస్థుడైనా మనం మెచ్చుకోవలసినవాడే.

ఇక మిగిలింది యాంటెనా. దాన్ని పిల్లలే చేయగలరు. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 27.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 6.9 సెంటీమీటర్ల రాగితీగను సాకెట్ మధ్యలో నిటారుగా అతకాలి. అదే పొడవున్న మరో నాలుగు తీగలను సాకెట్ నాలుగు మూలలా కిందికి వాలుగా అతకాలి. యాంటెనాకూ పరికరానికీ మధ్య కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడుగు తీగలో బలహీనమైన సంకేతం దారిలోనే కరిగిపోతుంది. పరికరాన్ని పాత కంప్యూటర్‌కు గానీ, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌కు గానీ తగిలిస్తే చాలు. మిద్దె మీద కరెంటు తీగలకు దూరంగా, పెద్దల సమక్షంలోనే యాంటెనా అమర్చాలి. ఉరుములు మెరుపులు మొదలు కాకముందే దాన్ని విప్పివేయాలి. మా ప్రాంతంలో వేసవి పిడుగులు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు.

మా మదరసాలో పై తరగతుల పిల్లలు తెర మీద మొదటి విమానం కనబడగానే అడిగిన ప్రశ్న ఇది: “ఉస్తాద్, ఇది ఎంత దూరం వింటుంది?” ఈ తరంగాలు దాదాపు చూపు వలెనే నేరుగా ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల ఒక హద్దు దాటాక విమానం నేల వంపు కిందికి పోతుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానమైతే, మధ్యలో కొండలూ భవనాలూ అడ్డు లేనప్పుడు, దాదాపు 400 కిలోమీటర్ల దూరం నుంచి కూడా వినిపించవచ్చు. 11వ శతాబ్ది తొలి భాగంలో అబూ రైహాన్ అల్‌బీరూనీ, నేటి పాకిస్తాన్‌లోని నందన కోట దగ్గర ఇదే వంపును ఆధారం చేసుకుని భూమి కొలత తీశారు. ముందు కొండ ఎత్తును కొలిచారు. తరువాత కొండపై నుంచి చూస్తే దిగంతం ఎంత కిందికి వాలి కనిపిస్తుందో కొలిచారు. ఆ రెండింటితో భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టారు. ఆయన కొండ మీద చేసిన ఆలోచనను మన పిల్లలు మిద్దె మీద చేయవచ్చు.

నాకు అన్నింటికన్నా ఎక్కువగా నచ్చిన విషయం మరొకటుంది. విమానం పంపే ఒక్కో సందేశంలో 112 బిట్లు, అంటే 112 సున్నా-ఒకట్ల గుర్తులు ఉంటాయి. వాటిలో 24 పంపినవారెవరో చెబుతాయి. ప్రతి విమానానికీ తనదైన సంఖ్య ఉంటుంది. చివరి 24 బిట్లు కేవలం సరిచూసుకోవడానికే ఉన్నాయి. వచ్చిన సందేశంతో అవి పొసగకపోతే రిసీవర్ దాన్ని తోసిపుచ్చుతుంది. అంటే ప్రతి సందేశంలో అయిదో వంతు కంటే ఎక్కువ భాగం నిర్ధారణకే కేటాయించారు. అంతే కాదు, కొత్తగా కనిపించిన విమానం స్థానాన్ని తేల్చడానికి సాధారణంగా ఒక్క సందేశం చాలదు. సరి, బేసి అనే రెండు రకాల సందేశాలు ఒకదానితో ఒకటి కలవాలి. హదీసు విద్య చదివిన వారికి ఇది పరాయిగా తోచదు. ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది, మరొక ఉల్లేఖనం దీన్ని బలపరుస్తున్నదా అని ముహద్దిసులు శతాబ్దాలపాటు పరిశీలించారు. ప్రాణం లేని యంత్రం పాటించే ఈ జాగ్రత్తను, ఫోను చేతబట్టిన మనం పాటిస్తున్నామా?

ఇస్నాద్ పటిష్ఠంగా ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదని, మత్న్‌ను కూడా పరిశీలించాలని మన పండితులు నేర్పారు. ఇక్కడా అంతే. విమానం నిజాయితీగానే ప్రకటించవచ్చు, కానీ దానికి స్థానం తెలిపే ఉపగ్రహ సంకేతాన్నే ఎవరైనా తారుమారు చేయవచ్చు. ఇటీవలి సంవత్సరాలలో యుద్ధ ప్రాంతాల సమీపాన ఇలాంటి నకిలీ సంకేతాల వల్ల విమానాల స్థానాలు తప్పుగా కనబడ్డాయి. అలాగే ప్రతి విమానమూ ఈ ప్రకటన చేయదు. కాబట్టి ‘తెర మీద లేదు కనుక ఆకాశంలో లేదు’ అనడం కూడా తొందరపాటే అవుతుంది.

ఈ సంగతి గల్ఫ్‌లో అయినవారున్న ఇళ్ళకు మరీ ముఖ్యం. రాయలసీమ నుంచి కువైట్‌కూ, సౌదీకీ వెళ్ళినవారు ఎందరో బెంగళూరులో దిగుతారు. దేవనహళ్ళి విమానాశ్రయం బుక్కరాయసముద్రానికి ఆకాశమార్గాన సుమారు 165 కిలోమీటర్లు. అక్కడ దిగబోయే విమానం ఎత్తు తగ్గేకొద్దీ భూమి వంపు, మధ్యలోని కొండలు దాన్ని మరుగుపరుస్తాయి. మన తెర మీద అది హఠాత్తుగా మాయమవుతుంది. విషయం తెలియని ఇల్లాలి గుండె ఆగినంత పనవుతుంది. ఆ క్షణంలో పక్కనున్నవారు “విమానం కనిపించడం లేదట” అని నలుగురికీ చేరవేస్తే ఎన్ని ఇళ్ళలో ఏడుపు మొదలవుతుందో ఊహించండి. నిజానికి జరిగింది ఒక్కటే, మనకు వినబడటం ఆగింది. కబురు లేకపోవడం వేరు, చెడు కబురు రావడం వేరు. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధికుడు కావడానికి చాలునని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లిం ప్రారంభంలోనే ఉంది.

ఇప్పుడు మబ్బుల విషయానికి వద్దాం. బెంగళూరు నుంచి ఢిల్లీకి తిన్నగా గీత గీస్తే అది దాదాపు మా ఊరి మీదుగానే పోతుంది. హైదరాబాదు దారి కూడా దూరమేమీ కాదు. కాబట్టి తల మీద విమానాల చప్పుడు మాకు మామూలే. రిసీవర్ తెరపై చూస్తే అవి పేర్లున్న, వేళలున్న ప్రయాణికుల విమానాలని, వాటిలో చాలా వరకు ముప్పై వేల అడుగులకు పైబడి పోతున్నాయని తెలుస్తుంది. వాటి వెనుక కనబడే తెల్లని చార మందు కాదు. ఇంజను నుంచి వెలువడిన నీటి ఆవిరి అక్కడి చలికి గడ్డకట్టి మంచు రేణువులుగా మారడం వల్ల ఏర్పడేదే అది. మేఘాల్లో రసాయనాలు చల్లే విమానాలు లేవని కాదు. 2000ల దశకంలో మన ప్రభుత్వమే అనంతపురంతో సహా కరువు జిల్లాలలో మేఘమథనం చేయించింది. అయితే అది వానను తరమడానికి కాదు, రప్పించడానికి చేసిన ప్రయత్నం.

చరిత్రను కూడా సాక్ష్యానికి పిలవాలి. రైట్ సోదరుల విమానం ఎగిరింది 1903లో. లక్షలాది ప్రాణాలను బలిగొన్న 1876-78 నాటి మహా కరువు ఈ సీమను అంతకు పాతికేళ్ళ ముందే కాల్చివేసింది. ఇంకా వెనక్కి వెళ్తే, మా ఊరికి పేరు తెచ్చిన చెరువును బుక్కరాయల కాలంలో, 1364లో, పండమేరు వాగుకు కట్ట వేసి నిర్మించారు. వాన అరుదైన నేల కనుకనే పడిన నీటిని పట్టి ఉంచాలని ఆనాటివారు గ్రహించారు. నైరుతి గాలులు పడమటి కనుమల మీద తేమను రాల్చుకుని మా పీఠభూమికి చేరేసరికి పొడిబారతాయి. ఈశాన్య రుతుపవనాలకు మేము తీరం నుంచి దూరం. ఇది విమానాల కంటే ఎంతో పాత కథ.

రిసీవర్ పెట్టుకునే ఇంటివారు దాని పక్కన ఒక వానకొలత పాత్రను, ఒక నోటుపుస్తకాన్ని కూడా ఉంచాలని నా సలహా. ఏ రోజు ఎన్ని విమానాలు పోయాయి, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది అన్నది ఆడపిల్లలూ మగపిల్లలూ వంతులవారీగా రాయాలి. ఒక్క ఊరి నోటుపుస్తకం శాస్త్రాన్ని తేల్చదు. కానీ వాన కురిసిన రోజునా విమానాలు పోయాయా, కురవని రోజున మామూలు కంటే ఎక్కువ పోయాయా అన్నది పిల్లలు స్వయంగా చూసుకుంటారు. ‘అందరూ అంటున్నారు’ అనే మాటకు బదులు ‘మేము రాసి చూశాం’ అనే మాట ఇంట్లో పుడుతుంది.

కొన్ని మర్యాదలు తప్పనిసరి. మన దేశంలో వైర్‌లెస్ పరికరాలపై 1933 చట్టం కాలం నుంచీ నియంత్రణ ఉంది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. కనుక కొనేముందు నేటి నిబంధనలు తెలుసుకోవాలి, సంకేతాలు పంపే పరికరాల జోలికి పోరాదు. ఇతరుల రహస్యాలు ఆరా తీయడాన్ని హుజురాత్ సూరాయే 12వ ఆయత్‌లో నిషేధించింది. విమానం బహిరంగంగా ప్రకటించింది చూడటం వేరు, ఇతరుల సంభాషణలు చాటుగా వినడం వేరు. ఖర్చు కొన్ని వేల రూపాయలు అవుతుంది. ఇంటి అవసరాలకు కోత పెట్టి చేసే పని కాదిది. నలుగురు కలిసి ఒక బడిలో పెట్టుకోవడం మేలు.

దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు చీకటయ్యాడని ప్రజలు చెప్పుకున్నారు. ఆ మాట ప్రవక్త (స) గౌరవాన్ని పెంచేదే, చెప్పినవారు ప్రేమతోనే చెప్పారు. అయినా పుత్రశోకంలో ఉండి కూడా ఆయన దాన్ని సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేసి, ప్రజలను నమాజు వైపు మరల్చారు. తన దుఃఖానికి అనుకూలించే అబద్ధాన్ని కూడా అంగీకరించని ప్రవక్త అనుచర సమాజం మనది.

వాన రానప్పుడు మనం చేయవలసిన పనులు ఉన్నాయి. క్షమాపణ వేడుకోవాలి, ఇస్తిస్ఖా నమాజు కోసం మైదానానికి రావాలి, చెరువులో పూడిక తీయాలి, బోరు నీటిని పొదుపుగా వాడాలి, పొరుగు రైతు అప్పు తీర్చడానికి చేయందించాలి. రుజువు లేని నిందను మోసుకు తిరిగే నోరు ఈ పనుల్లో ఒక్కటీ చేయదు. అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన నేలకు కారుణ్య వర్షాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.