గొడ్ల కొట్టానికీ ఓ లెక్కుంది

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవులో మూడోవంతు వాటాని వేలం వేశారు. ఆ లెక్కన ఆవు మొత్తం ఖరీదు మన రూపాయల్లో ముప్ఫై కోట్లు దాటింది. ఆ తెల్లటి జాతికి అక్కడివాళ్ల పిలుపు 'నెలోర్'. అంటే మన నెల్లూరే! 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. అలా ఒంగోలు గిత్త నెల్లూరు పేరుతో సముద్రాలు దాటింది.

పశువు పేరు నిలిచింది సరే. మరి అది పడుకున్న ఇల్లో?

బ్రిటన్‌లోని వేల్స్‌లో పాతకాలపు రైతుల గుర్రపుశాలల్ని కూడా చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చి కాపాడుకుంటారు. రాతిగోడలు, పలకరాళ్ల కప్పు, పైన గడ్డి దాచే అటక... కోటల పక్కనే వాటికీ చోటుంది. మనకు చరిత్ర అంటే గుడి, కోట, మహా అయితే దొరల బంగళా. గొడ్ల కొట్టంలో చూడ్డానికేముంది అనుకుంటాం. చాలానే ఉంది.

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు పాత కొట్టం ఎక్కడైనా మిగిలుంటే ఓసారి ఆగి చూడండి. తాటిమొద్దుల గుంజలు, తాటి దూలాలు, పైన తాటాకు. కట్లన్నీ నారతోనే. ఉప్పుగాలికి మేకు తుప్పు పడుతుంది, నార పట్టదు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. గాలి కప్పు కిందికి దూరి పైకి లేపకుండా వాలు మీదుగా జారిపోవాలని. గొడ్లు వచ్చిపోయే వైపు మాత్రం మూపురం తగలనంత ఎత్తు. మట్టిగోడ సగం వరకే. ఎండాకాలం పడమటి గాలిలోనూ లోపల ఉక్కపోయదు. నేల గాడి దగ్గర కాస్త ఎత్తు, వెనక వాలు. పంచితం కాలవలోంచి పెంటదిబ్బకు, అక్కణ్నుంచి ఎరువుగా పొలానికి!

గడ్డిని మాత్రం వేల్స్‌వాళ్లలా నెత్తిన పెట్టుకోలేదు మనవాళ్లు. దూరంగా వామి వేశారు. సందెవేళ దోమలకు వేపాకు పొగ వేసే చోట ఎండుగడ్డి నెత్తి మీదుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

తుపానుకు తాటాకు కొట్టం నిలబడుతుందని కాదు. 1927 నవంబరు తుపానూ, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానూ ఎరిగిన నేల ఇది. ఆ గాలికి ఏ పాకా ఆగదు. కానీ కూలితే, ఊళ్లో దొరికే ఆకుతో, నారతో నలుగురూ కలిసి మళ్లీ లేపుకునేవాళ్లు. ఎగిరిన తాటాకు మనిషిని చంపదు. ఎగిరిన రేకు కత్తి అవుతుంది.

ట్రాక్టరొచ్చింది, కాడెద్దులు పోయాయి. 1990ల నుంచి రొయ్యల గుంటలొచ్చాయి. మిగిలిన కొట్టాల్లో మేత బస్తాలు, మోటార్‌సైకిళ్లు చేరాయి. 2025 జనవరిలో ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో కట్టిన వేల గోకులాలను ప్రారంభించింది. పశువుకు నీడ దొరకడం మంచిదే. అయితే రేకు కింద మే నెల మధ్యాహ్నం గేదె ఎలా రొప్పుతుందో పాడి రైతుకు తెలుసు. వేడికి పాలు తగ్గుతాయి. అదే రేకు మీద తాటాకు పరిచి కడితే వేడి చాలా తగ్గుతుంది. తాతల తెలివి అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఆ తెలివి పుస్తకాల్లో లేదు, కట్టిన చేతుల్లో ఉంది. ఆ చేతులు ముసలివైపోయాయి. మీ ఊళ్లో పాత కొట్టాన్ని పడగొట్టే ముందు ఒక్క పూట ఆగండి. ఫొటోలు తీయండి. టేపు పట్టి కొలవండి. ఏ చెట్టు, ఏ కట్టు, ఎంత వాలు అని పెద్దాయన్ని అడిగి రాసుకోండి. తర్వాత పడగొట్టినా సరే. లెక్కయినా మిగులుతుంది.