కళకు పట్టా, రాతకు భాష

కళారంగంలో డాక్టరేటు పొందగోరువాడు గ్రంథం వ్రాయవలెనా, కళను ప్రదర్శించి చూపవలెనా? ఐరోపాలో ఈ చర్చ ఎన్నడో ముదిరింది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చెందిన క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లోనే కళను గురించిన పరిశోధన వేరు, కళ ద్వారా జరిగే పరిశోధన వేరు అని విడదీసి చూపారు. 2016 నాటి ఫ్లారెన్స్ సూత్రాలు కళాసృష్టితో పాటు, దానిని విమర్శనాత్మకంగా వివరించే రాత కూడా ఉండాలన్నాయి.

మన దేశంలో 2022 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంత గ్రంథాన్నీ, మౌఖిక పరీక్షనూ పిహెచ్.డి.కి ఆధారంగా నిలిపాయి. అందువల్ల కళను బయటినుండి చూచి వ్రాసేవారికి దారి సుగమం. దానిని ఒంట పట్టించుకున్నవారికి దుర్గమం.

తంజావూరు జిల్లా మేలట్టూరునే తీసుకొందాం. అక్కడ నరసింహ జయంతి సందర్భంగా పురుషులే అన్ని పాత్రలూ ధరించి వెంకటరామశాస్త్రి తెలుగు నాటకాలను ఆడుతారు. తమిళ నేలపై తెలుగు మాటను నిలిపిన భాగవత మేళం అది. ప్రవేశ దరువును ఎంత కాలప్రమాణంలో నడపాలి, ప్రతులలో పాఠం తేడాగా ఉంటే దేనిని స్వీకరించాలి, ఏ ఘట్టాన్ని కుదించాలి అనే నిర్ణయాలు ప్రేక్షకునికి కనబడవు. వాటిని కారణాలతో సహా నమోదు చేయడమే రాత పని. రాత లేకుంటే ఆ జ్ఞానం నటునితోనే అంతరిస్తుంది. ప్రదర్శన లేకుంటే ఆ రాతకు సాక్ష్యమే ఉండదు. కనుక పరీక్షకులు రెండింటినీ సమానంగా తూచాలి.

అయితే ఆ రాత ఏ భాషలో ఉండాలి? దరువు తెలుగు, పాత్ర పలికేది తెలుగు. వివరణ మాత్రం ఆంగ్లంలోనే ఉండాలంటే కళాకారుడు తన విద్యను పరభాషలోకి మార్చి అప్పగించినట్లే. తన భాషను, లిపిని, సంస్కృతిని పరిరక్షించుకొనే హక్కును రాజ్యాంగం 29(1) అధికరణం ప్రతి పౌర సముదాయానికీ ఇచ్చింది. ఈ అధికరణం ఒక్కటే విశ్వవిద్యాలయాన్ని తెలుగు గ్రంథం స్వీకరించేటట్లు నిర్బంధించకపోవచ్చు. అయినను మన కోరికకు అది బలమైన పునాది.

మన కోరిక స్వల్పం: ప్రదర్శనను పరీక్షలో భాగం చేయండి, కళ ఏ భాషదో ఆ భాషలో గ్రంథం అనుమతించండి, పరీక్షకుల కొరకు ఆంగ్ల సంగ్రహం జతపరుస్తాము. పిల్లలను లలితకళల పరిశోధనకు పంపే సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులు పేరు నమోదుకు ముందే ఈ విన్నపాన్ని లిఖితపూర్వకంగా ఇప్పించి, జవాబును కూడా లిఖితపూర్వకంగానే కోరాలి. నోటిమాటగా వచ్చిన నిరాకరణను ఏ న్యాయస్థానంలోనైనా ప్రశ్నించడం కష్టం.