లైసెన్సు లాక్కుంటే బాకీ తీరుతుందా?

ఫైన్ కట్టాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే పనికెళ్ళాలి. పనికెళ్ళాలంటే కారు నడపాలి. కారు నడపాలంటే లైసెన్సుండాలి. లైసెన్సు తిరిగి రావాలంటే... ఫైన్ కట్టాలి! ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షలో దీన్ని డెడ్‌లాక్ అని రాసి మార్కులు కొట్టేసినవాళ్ళమే మనమంతా. అమెరికాలో చాలా రాష్ట్రాలు దీన్నే చట్టంగా చేసి పెట్టుకున్నాయి.

మనవాళ్ళు బోలెడుమంది ఉండే టెక్సాస్ సంగతే చూడండి. 2003లో అక్కడ డ్రైవర్ రెస్పాన్సిబిలిటీ ప్రోగ్రామ్ అని ఒకటి మొదలెట్టారు. ఇన్సూరెన్సు లేకుండా దొరికితే కోర్టు ఫైను కాక ఏడాదికి 250 డాలర్ల చొప్పున మూడేళ్ళు సర్‌ఛార్జీ. కట్టకపోతే లైసెన్సు సస్పెండ్. ఆ సస్పెండైన లైసెన్సుతో నడుపుతూ దొరికితే ఇంకో సర్‌ఛార్జీ! ఇన్సూరెన్సుకే డబ్బుల్లేనివాడు ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తాడండీ? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అలా పది లక్షల మందికి పైగా లైసెన్సులు పోయాయి.

"లైసెన్సు పోతే బస్సెక్కొచ్చుగా" అంటారేమో. హైదరాబాదులో అయితే సరే. డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్ అంత పెద్ద ఊళ్ళో 2013 దాకా అందరూ ఎక్కే బస్సు సర్వీసన్నదే లేదు.

"తప్పు చేసినవాడు కట్టాల్సిందే కదా" అనే వాదన కూడా ఉంది. నిజమే, కట్టాలి. కానీ అదే టికెట్టు మనకొస్తే తిట్టుకుంటూ క్రెడిట్ కార్డుతో కట్టేసి మర్చిపోతాం. గంటల లెక్కన కూలి తెచ్చుకునేవాడికి అది ఉద్యోగాన్నే మింగేస్తుంది. తప్పొకటే, శిక్షలు మాత్రం రెండు. ఎందుకు కట్టలేదో విచారించకుండా, ఫైను బాకీ ఉందని మనిషిని జైల్లో పెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. లైసెన్సు దగ్గరికొచ్చేసరికి ఆ ఇంగితం చెల్లలేదు. 2019లో మిషిగన్ కేసులో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు పేదలకి ఆ రక్షణ ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

మరి టెక్సాస్ దీన్ని అన్నేళ్ళు ఎందుకు మోసింది? ఆ సర్‌ఛార్జీల్లో కొంత ట్రామా ఆస్పత్రులకి వెళ్ళేది. ఆపేస్తే వాటి గతేంటన్నది ప్రశ్న. చివరికి 2019 సెప్టెంబరులో రద్దు చేశారు. ట్రాఫిక్ టికెట్ల మీద రాష్ట్రం వేసే ఫైనుని 30 నుంచి 50 డాలర్లకి పెంచి, ఇంకా అలాంటివే కొన్ని చేసి ఆ లోటు పూడ్చుకున్నారు. అంటే దారి ముందునుంచీ ఉంది, వెతకలేదంతే. ఫైన్ కట్టలేదని లైసెన్సు తీసెయ్యడం కాలిఫోర్నియా 2017లో, వర్జీనియా 2020లో మానేశాయి. ఇంకా కొన్ని రాష్ట్రాలు పట్టుకు వేళ్ళాడుతూనే ఉన్నాయి.

నా మటుకు నాకు లెక్క సింపుల్. తాగి నడిపేవాడి లైసెన్సు పీకండి, ఎవరూ కాదనరు. బాకీ ఉన్నవాడికి మాత్రం వాయిదాలివ్వండి, వాడి సంపాదన చూసి ఎంత కట్టగలడో తేల్చండి. పాలివ్వాల్సిన గేదెని బందెలదొడ్లో పెట్టి పాల బాకీ అడిగితే ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీరేమంటారు?